మసి పట్టిన మామిడి

బడ్జెట్ సమావేశాల రెండవ విడత ముగియవచ్చే రోజులలో ఢిల్లీలోని విలేఖరికి రాజకీయాలు తప్ప మరొకటి కంటికి ఆనదు. గిలెటిన్ వేసి పద్దులన్నీ ఒక్క సాయంత్రంలో ఆమోదింపజేస్తారా, లేదా అన్నదే ఆ వారం లోకమంతా. గత సంవత్సరం సరిగ్గా ఆ రోజులలోనే మా కాలనీలో ఒక వివాదం లేచింది. పత్రికకెక్కదగిన విషయం కాదని మొదట దానిని పక్కకు నెట్టాను. తరువాత ఆలోచిస్తే, ఈ స్తంభంలో వారం వారం నేను వ్రాసే అనేక విషయాలకంటె అదే పాఠకులకు ఎక్కువ పనికివచ్చేదిగా తోచింది. ఒక మామిడిచెట్టును బతకనివ్వాలా, నరికివేయాలా అన్నది ఆ వివాదాంశం.

ఆ చెట్టు మా ఇళ్ల వరుస వెనుక, నడకదారి పక్కన ఉన్నది. కాయలకోసం కాక నీడకోసం, శోభకోసం ఎవరో ఏనాడో నాటినది. దాని మొదలు చుట్టూ కాండాన్ని ఒరుసుకునేంతవరకు సిమెంటు పలకలు పరచి ఉన్నవి. చైత్రం వచ్చేసరికి చెట్టు ఆకులన్నీ దీపపుమసి పూసినట్లు నల్లబడినవి. చెట్టు ఒక్కటే నల్లబడి ఉంటే ఎవరూ పట్టించుకొనేవారు కారు. కింద వరుసగా పెంచిన నందివర్ధనాలు, మందారాలు నల్లబడినవి. సిమెంటు బల్ల నల్లబడింది. ఆ నీడన నిలిపే ఒక రిటైర్డు అధికారిగారి తెల్లకారు పైకప్పు నల్లబడి, తాకితే వేలికి అంటుకుంటున్నది. ఇక ఆదివారం ఉదయం నివాసుల సంఘం సమావేశం తప్పలేదు.

మూడు అభిప్రాయాలు వచ్చినవి. చెట్టుకు కుష్ఠువంటి తెగులు పట్టింది, అది మిగిలిన చెట్లకు పాకకమునుపే నరికించాలని రిటైర్డు అధికారిగారి వాదం. ఒక కంట్రాక్టరు ఉన్నాడు, కాండానికి తొర్రచేసి మందు ఎక్కిస్తాడు, పైన కూడా కొడతాడు, వారంలో నయమవుతుందని సంఘం కార్యదర్శి. ఇది ఢిల్లీ పొగ తప్ప మరేమీ కాదు, ఈ ఊళ్లో మన ఊపిరితిత్తులే నల్లగా ఉన్నప్పుడు చెట్టెందుకు పచ్చగా ఉంటుందని మూడవవారు. చర్చ గంటసేపు నడిచి, ఉభయ సభలలోవలెనే, తేలకుండా వాయిదాపడింది. వ్రాతకోతలు తెలిసినవాడినన్న కారణంతో నరకడానికి అనుమతికోరే అర్జీ తయారుచేసే పని నాకు అప్పగించారు. ఢిల్లీలో సొంత పెరటిలో చెట్టయినా సరే ఇష్టం వచ్చినట్లు నరకడానికి వీలులేదు. 1994 నాటి చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి ఉండితీరాలి. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం మందం 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, ఎత్తు ఒక మీటరుకు తగ్గకుండా ఉన్నదల్లా ఆ చట్టం దృష్టిలో చెట్టే.

అర్జీలో తెగులు పేరు వ్రాయవలసి వచ్చింది. పేరు తెలియక ఆగిపోయాను. చెట్టు ప్రాణం నిలిచింది నిజానికి అక్కడే.

మా కాలనీ తోటమాలి తూర్పు ఉత్తరప్రదేశ్ వాడు, అరవై దాటినవాడు. అతడిని పిలిచి అడిగాను. అతడు మాట్లాడకుండా మెడలోని గంఛా కొస తడిపి ఒక ఆకుమీద గట్టిగా రాశాడు. నలుపంతా పొరగా లేచి గుడ్డకు అంటుకున్నది. కింద ఆకు నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నది. “చెట్టుకు జబ్బు లేదు బాబూజీ, పైన ఎవరో విందు చేసుకుని మనమీద చేతులు కడుక్కుంటున్నారు” అన్నాడు.

ఈ తడిగుడ్డ పరీక్షకు మించినది లేదని ఆ తరువాత పూసా సంస్థలో చిరకాలం పనిచేసి విరమించిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు నాకు చెప్పారు. ఈ సంస్థ బీహారులోని పూసా గ్రామంలో ఉండగా 1934 భూకంపంలో భవనాలు దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలివచ్చింది. ఊరు మారినా పేరు మారలేదు. గుంటూరు జిల్లావారైన ఆ పెద్దమనిషి నా వర్ణన సగం వినకుండానే, “ఏమండీ, మీది జర్నలిస్టుల వరస. మసి సంగతి చెబుతున్నారు గాని పైన కొమ్మలకేసి చూశారా?” అని అడిగారు. చూడలేదు. చూస్తే లేత కొమ్మలనిండా, పూగుత్తులనిండా తెల్లటి పిండి పూసుకున్న చపటా పురుగులు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నవి. వాటి మధ్య చీమల బారులు.

విషయమేమంటే, మసి తెగులు అని మనం పిలిచే ఈ నల్లని బూజు చెట్టును తినదు. కాప్నోడియం మొదలైన శిలీంధ్రాల గుంపు అది. ఆకులోకి వేరు పాతదు, రసం పీల్చదు. ఆకుమీద పడిన చక్కెరను తిని బతుకుతుంది. ఆ చక్కెర ఎక్కడిదంటే, పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగు, మామిడిమీది తేనెమంచు పురుగు వంటివి విసర్జించినది. ఇవన్నీ చెట్టు నాళాలలో సూదివంటి ముక్కు గుచ్చి రసం పీల్చేవి. ఆ రసంలో చక్కెర అపారం, పురుగు ఎదుగుదలకు కావలసిన నత్రజని పదార్థం అత్యల్పం. అందుచేత ఆ కాస్త పోషణకోసం పురుగు కడివెడు రసం తాగి, పనికిరాని చక్కెరనీటిని వెనుకనుంచి వదిలేస్తుంది. అది జిగటగా కిందివాటిమీద పడుతుంది. దానిమీద గాలిలోని బూజు విత్తనం వాలి నల్లగా అల్లుకుంటుంది. నందివర్ధనంమీద ఒక్క పురుగైనా లేకపోయినా అది ఎందుకు నల్లబడిందో, ఏ పాపమూ ఎరుగని సిమెంటు బల్ల, కారు ఎందుకు నల్లబడినవో అప్పుడు తెలిసింది. మసి ఉన్న చోట కాదు, దానికి పైన వెతకాలి.

ఆ చక్కెరనీటికి ఇంగ్లీషులో హనీడ్యూ అని పేరు. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న రోజులలో కూల్‌రిడ్జ్ 1816లో అచ్చువేసిన ‘కుబ్లా ఖాన్’ ఖండకావ్యం చివర ఆ మాట తగిలితే, అదేదో గంధర్వులు గ్రోలే అమృతమని మా లెక్చరరుగారు తన్మయులై చెప్పారు. మేమూ తన్మయులమై విన్నాము. అది పురుగు మలమని తెలియడానికి నాకు మూడు దశాబ్దాలు పట్టింది. బైబిలులో ఇశ్రాయేలీయులకు ఎడారిలో దొరికిన మన్నా కూడా ఇటువంటిదే అయి ఉండవచ్చునని 1927లో సినాయి వెళ్లి పరిశీలించిన కీటక శాస్త్రజ్ఞుడు బోడెన్‌హైమర్ ప్రతిపాదించాడు. అక్కడి టామరిస్కు పొదలమీది పొలుసు పురుగులు కార్చిన తీపిద్రవం ఎడారిగాలికి గట్టిపడి గింజలవుతుందట. మన రైతు దగ్గర ఈ భ్రమలేవీ లేవు. ఆకుమీద మెరిసే ఆ తేమను తేనెమంచు అన్నాడు, అది కార్చే పురుగుకు ఆ పేరే పెట్టాడు. అంటుకొనేదానిని బంక అన్నాడు. పేరులోనే తెగులూ ఉన్నది, కారణమూ ఉన్నది.

అయితే నల్లనిదంతా మసి తెగులు కాదు. ఢిల్లీ పొగ వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కూడళ్లలో చెట్ల ఆకులమీద ధూళి, వాహనాల మసి పేరుకోవడం కళ్లారా చూస్తున్నదే. కాని అది రోడ్డుకేసి ఉన్న ఆకులన్నిటిమీద సమంగా, బూడిదరంగులో పడుతుంది, జిగట ఉండదు, చీమలు ఉండవు, మంచి వాన పడితే చాలావరకు పోతుంది. తడిగుడ్డకు రాని నలుపు వేరు. మెలియోలా అనే జాతి శిలీంధ్రం ఆకు కణాలలోకి పీచు దించి గుండ్రటి నల్లమచ్చలు వేస్తుంది. అది నిజమైన పరాన్నజీవి, తుడిస్తే పోదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు ఊళ్లకు ఊళ్లే కొసలనుంచి మాడిపోతే, వేపకూ కరోనా వచ్చిందని జనం దిగులుపడ్డారు. అది ఇదీ కాదు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు లేతచిగుళ్లను గుచ్చే టీదోమ కలిసి చేసిన పని అది. కొమ్మ ఎండుతుంది తప్ప ఆకుకు మసి పట్టదు. ఇన్నిటినీ ఒకే గాటకట్టి ఒకే మందు కొట్టడం ఎటువంటిదంటే, జ్వరం వచ్చిన ప్రతివాడికీ క్వినైను పోయడం వంటిది.

మా చెట్టుమీది పురుగు పేరు డ్రోసికా. ఉత్తరాది మామిడి తోటలకు పాతశత్రువు. దక్షిణాన మనకు తేనెమంచు పురుగు ఎంత పరిచితమో ఇక్కడివారికి ఇది అంత. మామిడితో ఆగదు, నేరేడు, జామ, పనస, నిమ్మజాతులు, అత్తి, మర్రి వంటి అనేక వృక్షాలమీద బతుకుతుంది. దీని జీవితం వింటే ఢిల్లీలో బదిలీలమీద వచ్చిపోయే అధికారుల జీవితం గుర్తుకు వచ్చింది. ఏప్రిల్, మే నెలలలో బలిసిన ఆడపురుగులు చెట్టు దిగి, మొదటి దగ్గర మట్టిలో, పగుళ్లలో వందల గుడ్లు పెట్టి చచ్చిపోతవి. అప్పుడే అవి దారితప్పి ఇళ్లలోకి, వంటగదులలోకి పాకివచ్చి గృహిణులను హడలగొట్టేది. గుడ్లు వేసవి, వానలు, శరత్తు మట్టిలోనే గడిపి, డిసెంబరు, జనవరులలో పొదుగుతవి. గులాబివన్నె కలిసిన సన్ననిపిల్లలు నేల వెలువడి కాండం పట్టుకుని పైకి నడుస్తవి. ఏడాదికి ఒకే తరం. ఎగరలేవు. ఆడదానికి రెక్కలు లేవు; రెక్కలుండేది మగదానికే. అంటే ఈ శత్రువుకు కోటలోకి ఒకే దారి ఉన్నది. ఆ దారి కాండం. ఆ దారిన నడిచేది సంవత్సరంలో కొన్ని వారాలు.

తోటమాలికి ఇదంతా శాస్త్రం పేరు లేకుండా తెలుసు. పుష్యమాసం రాకముందే పట్టీ కట్టాలి బాబూజీ, ఇప్పుడు ఆలస్యమైపోయింది అన్నాడు. మరి ముందు ఎందుకు చెప్పలేదని అడిగితే, నన్నెవరు అడిగారు అన్నాడు. ఆ జవాబుకు ప్రతిజవాబు నా దగ్గర లేకపోయింది.

రెండవ సమావేశానికి నేను అర్జీతో కాక ఈ సమాచారంతో వెళ్లాను. నరకాలన్న వాదం కొంత మెత్తబడింది. కారు తెల్లగా కావడం ముఖ్యం గాని చెట్టుమీద తమకు వ్యక్తిగత ద్వేషం లేదని అధికారిగారు వివరణ ఇచ్చారు. కాని కార్యదర్శి కంట్రాక్టరును వెంటబెట్టుకునే వచ్చాడు. కంట్రాక్టరు చేతిలో ఒక సీసా ఉన్నది. దానిమీది పట్టీ సగం చిరిగిపోయి, మిగిలిన సగంలో పత్తికాయ బొమ్మ కనిపిస్తున్నది. ఏమిటి ఇది అంటే, పవర్‌ఫుల్ మందు సాబ్ అన్నాడు. మోతాదెంత అంటే చేతివాటం అన్నాడు. ఆ చెట్టు కింద మా పిల్లలు ఆడుతారు. నడకకు వచ్చే వృద్ధులు ఆ బల్లమీదనే కూర్చుంటారు. మే నెలలో రాలిన పిందెలను పక్క నిర్మాణంలో పనిచేసే కూలీల బిడ్డలు ఏరుకుని ఉప్పుతో తింటారు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పక తప్పదు. 1958లో కేరళలో పారథియాన్ అనే పురుగుమందు ఒలికిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తరువాత జరిగిన విచారణల ఫలితమే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం. ఏ మందు, ఏ పైరుమీద, ఏ పురుగుకు, ఎంత మోతాదులో అన్నది రిజిస్టరు చేసి, సీసాపట్టీమీద అచ్చువేయాలన్న కట్టుబాటు దాని ప్రాణం. చట్టం ఉన్నంతమాత్రాన చావులు ఆగలేదు. 2013 జూలైలో బీహారు సారణ్ జిల్లా ఛప్రా సమీపంలోని ఒక పాఠశాలలో మధ్యాహ్నభోజనం తిని 23 మంది పసివాళ్లు ప్రాణాలు విడిచారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉన్నది. ఆనాడు ఢిల్లీలో వార్తలు వ్రాస్తూ చేయి వణికిన విలేఖరులలో నేనొకడిని. పాత చట్టానికి బదులు కొత్తది తేవాలని 2008లో ఒక బిల్లు, కరోనా లాక్‌డౌన్ ముంగిట 2020 మార్చిలో మరొకటి రాజ్యసభ ముందుకు వచ్చినవి. రెండవదానిపై వ్యవసాయ స్థాయీసంఘం 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. మోనోక్రోటోఫాస్‌కు సంబంధించి మనదేశంలో ప్రధానంగా అమ్ముడుపోయే 36 శాతం ద్రవానికి అనుమతి రద్దు 2023లో గాని రాలేదు. ఛప్రా పసివాళ్లకు అప్పటికి పదేళ్లు.

ఈ చర్చలన్నీ పొలం చుట్టూ తిరుగుతవి. వీధిచెట్టు సంగతి ఎవరూ అడగరు. కాని న్యూఢిల్లీ వీధిచెట్లు వట్టి అలంకారం కావు. 1931లో ప్రారంభమైన ఈ రాజధానికి ఆంగ్లేయులు వీధికొక జాతి చొప్పున చెట్లు నాటించారు; జనపథ్‌కు తెల్లమద్ది, అశోకా రోడ్డుకు నేరేడు, అక్బర్ రోడ్డుకు చింత. ఏటా జూన్, జూలైలలో నేరేడుపళ్ల వేలం పాడుకున్నవారు చెట్టెక్కి కొమ్మలు దులిపితే, కింద దుప్పటి పట్టుకుని స్త్రీలు పళ్లు కూడగడతారు. మంత్రులు, సభ్యులు కార్లు ఆపి కొనుక్కుపోతారు. కాండంలోకి ఎక్కించిన మందు కొమ్మకు పోతుంది, ఆకుకు పోతుంది, పువ్వులోని తేనెకూ పోతుంది, పండుకూ పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులను తేనెటీగల నాశనం కారణంగా ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట వాడకానికి నిషేధించింది. నరకడానికి అనుమతి కావలసిన చెట్టులోకి విషం ఎక్కించడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోవడం నాకు వింతగా తోచింది. ఈ మాట సభలో అంటే కంట్రాక్టరు నావైపు జాలిగా చూశాడు.

పైగా ఆ విషం పనిచేయదు. ఎదిగిన పిండినల్లి మైనపుపిండి కప్పుకుని ఉంటుంది. పైన కొట్టిన మందు జారిపోతుంది. చచ్చేది దానిని తినే అక్షింతల పురుగు. పిండినల్లికి చీమలు కాపలా. తీపినీటికి కృతజ్ఞతగా అక్షింతల పురుగును తరిమివేస్తవి. మనమూ చీమల పక్షం చేరితే ఇక చెప్పేదేమున్నది?

పురుగుకు పురుగే వైద్యమన్న మాటకు నూటముప్ఫయి ఏళ్లు దాటిన నిదర్శనం ఉన్నది. 1880లలో కాలిఫోర్నియా నారింజతోటలు ఐసీరియా అనే దూదిపొలుసు పురుగు పాలై మసిబారి నాశనమవుతుంటే, ఆల్బర్ట్ కోబెలె అనే కీటకశాస్త్రజ్ఞుడిని 1888లో ఆ పురుగు పుట్టిల్లయిన ఆస్ట్రేలియా పంపారు. అతడు అక్కడినుంచి పంపిన వెడాలియా అనే ఎర్రని అక్షింతల పురుగులు మొత్తంమీద ఐదువందల పైచిలుకు మాత్రమే. రెండేళ్లు తిరగకుండా తోటలు తేరుకున్నవి. ఆ ఐసీరియాయే నీలగిరులకు చేరితే, 1930 ప్రాంతంలో ఆ అక్షింతల పురుగునే ఇక్కడికీ రప్పించారు. ఇటీవలి కథ మనకు ఇంకా దగ్గరది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి బొప్పాయిని, మల్బరీని, మందారాన్ని, దేవగన్నేరును తెల్లగా కప్పి, నల్లగా చేసి, దక్షిణాదిని కలచివేసింది. మందులు కొట్టి కొట్టి రైతులు అలసిపోయారు. 2010లో బెంగుళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు రకాల సన్నని కందిరీగజాతి పురుగులను తెప్పించింది. వాటిలో ఏసిరోఫాగస్ అనేది పిండినల్లి ఒంటిలో గుడ్డుపెట్టి లోపలినుంచి తినివేస్తుంది. కొద్దినెలలలో ఉపద్రవం చల్లారింది. మనదేశపు వ్యవసాయ పరిశోధన ఇంత నిశ్శబ్దంగా సాధించిన విజయం మరొకటి నేనెరుగను. దానిమీద సభలో పెద్దచర్చ జరిగిన గుర్తు లేదు.

కోనసీమవారికి ఈ మసి కొత్తదేమీ కాదు. 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరికి పాకినప్పుడు అంబాజీపేట దగ్గర ఉండే మా బావగారు ఫోనుచేసి, “బావా, ఊరంతా ఎవరో బొగ్గుపొడి చల్లినట్లుంది. కొబ్బరాకే కాదు, కిందనున్న అరటి, జామ, పెరట్లో తులసి కూడా నల్లబడింది. చెట్లు పోతాయంటావా?” అని అడిగారు. నాకు అప్పుడేమీ తెలియదు. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖలో కనుక్కుంటానని ఢిల్లీవాళ్లు చెప్పే జవాబు చెప్పాను. శాస్త్రజ్ఞులు అక్కడ రైతులకు చెప్పినదేమిటంటే, తొందరపడి విషాలు కొట్టవద్దు, ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు దానంతట అదే వచ్చి చేరింది, దానిని బతకనివ్వండి అని. ఒత్తిడితో నీళ్లు కొట్టమన్నారు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె సబ్బుతో కలిపి కొట్టమన్నారు. అంబాజీపేట పరిశోధనాకేంద్రం మిత్రపురుగులను, తెల్లదోమను చంపే ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చింది. మసి వదలడానికి ఒక శాతం గంజి పిచికారీ చేయమన్నారు. గంజి ఎండి, పెళుసైన పొరగా లేచి, మసిని తనతో ఊడదీసుకుని రాలిపోతుంది. చీరలకు గంజి పెట్టే ఇల్లాలికి తెలిసిన విద్యే. కేరళలో శాస్త్రజ్ఞులు మరొక చిత్రం చూశారు. ఆ మసినే మేసి కొబ్బరాకును శుభ్రంచేసే ఒక చిన్న పెంకుపురుగు. కడియం నర్సరీలనుంచి అలంకారపు మొక్కలు లారీలకెత్తి దేశమంతటికీ పోతవి. మొక్కతోపాటు ఆకు అడుగున ఏమి ప్రయాణం చేస్తున్నదో కొనేవాడు తిప్పి చూసుకోవడం మంచిది.

సరే, మా చెట్టు సంగతి. కంట్రాక్టరును పంపివేయడానికి ఓటింగు పెట్టవలసి వచ్చింది. రెండు ఓట్ల ఆధిక్యంతో మా పక్షం నెగ్గింది. కాలనీలో నేను చూసిన మొదటి డివిజన్ అది. వేసవిలో చెట్టు కడగడానికి తాగేనీళ్లు వాడితే ఊరుకోమని స్త్రీలు ఖండితంగా చెప్పారు, ఢిల్లీలో ఏప్రిల్ నీటికొరత ఎరిగినవారెవరూ వారిని తప్పుపట్టలేరు. పార్కుల తడుపుకు వాడే శుద్ధిచేసిన మురుగునీటి ట్యాంకరు ఒకటి కుదిరింది. ముందు బాగా పిండినల్లి పట్టిన చిన్నకొమ్మలను కత్తిరించి, సంచిలో మూటగట్టి తగులబెట్టారు. తరువాత గొట్టంతో ఆకుల అడుగుభాగం తగిలేటట్లు జోరుగా నీళ్లు కొట్టారు. వారం విడిచి లీటరుకు 5 గ్రాముల మెత్తని సబ్బు కలిపిన నీళ్లు, సాయంత్రంపూట. నందివర్ధనాలకు మాత్రం మా ఇంట్లో వండిన పలుచని గంజి కొట్టి చూశాము. మూడవరోజు నల్లటి పొరలు కాగితాలలా రాలుతుంటే పిల్లలు చేతులతో ఒలుస్తూ ఆడుకున్నారు. మామిడి పాతాకులకు పట్టిన మసి అంత తేలికగా వదలలేదు. అవి రాలి కొత్తాకు వస్తే తప్ప చెట్టు పచ్చగా కనబడదని శాస్త్రజ్ఞులు ముందే హెచ్చరించారు. శిలీంధ్రనాశని ఏదైనా కొడదామా అని కార్యదర్శి మళ్లీ అడిగాడు. తిండి పెడుతూ అతిథిని వెళ్లమన్నట్లు ఉంటుంది, పురుగు పోతే బూజుకు తిండి ఉండదని చెప్పాను.

మే మొదటివారంలో చెట్టు దిగివస్తున్న ఆడపురుగులను తోటమాలి మొదట్లో చుట్టిన గోనెపట్టలలో పట్టి సబ్బునీళ్ల బకెట్‌లో వేశాడు. ఒక్కవారంలో బకెట్‌లు నిండినవి. ప్రతి పురుగూ వందల గుడ్ల మూట అని చెప్పినతరువాత పిల్లలు పుల్లలతో ఏరి అతనికి సాయపడ్డారు. అసలు చిక్కు సిమెంటు పలకలతో వచ్చింది. గుడ్లున్న మట్టిని తిరగవేసి ఎండకు, చీమలకు, పక్షులకు అప్పగించాలంటే మట్టి కనబడాలి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఉటంకిస్తూ సంబంధిత కార్యాలయానికి నేను వ్రాసిన ఉత్తరానికి రసీదు వచ్చింది, ముద్రతో సహా. జూన్ నెలంతా ఎదురుచూశాము. చివరకు ఒక ఆదివారం తెల్లవారుజామున పలకలు వాటంతటవే లేచి గోడవారన వరుసగా పేర్చి ఉన్నవి. ఎవరు తీశారో తమకు తెలియదని నివాసులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. రిటైర్డు అధికారిగారి అరచేతులు ఆ ఉదయం బొబ్బలెక్కి ఉండడం నేను గమనించాను గాని, పత్రికారచయిత మూలాలను బయటపెట్టరాదు.

డిసెంబరు పదిహేనున పట్టీ కట్టాము. 400 గేజి పాలిథీను, పాతిక సెంటీమీటర్ల వెడల్పు, నేలకు ఒక అడుగు ఎత్తున కాండం చుట్టూ బిగించి, పైనా కిందా పురికొసతో కట్టి, బెరడు పగుళ్లను మట్టితో మెత్తి, కింది అంచుకు గ్రీజు పూశాము. ఖర్చంతా కంట్రాక్టరు అడిగినదానిలో పదోవంతు కాలేదు. జనవరి మొదటివారం, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, తోటమాలి తలుపుతట్టి పిలుచుకుపోయాడు. పట్టీ కింద గోధుమ గులాబివన్నెల సన్ననిపురుగులు వలయంలా చుట్టుకుని, నునుపైన పాలిథీనుమీద కాలు నిలవక జారుతూ, మళ్లీ ఎక్కుతూ ఉన్నవి. మొదలు దగ్గర గొంతుకూర్చుని వాటిని చీపురుపుల్లతో సబ్బునీళ్లలోకి దులుపుతున్నది అధికారిగారే. కారును ఎక్కడ నిలిపారని అడిగాను. తల ఎత్తకుండానే, మామిడి కిందనే అన్నారు.